పాట చుట్టూ కట్టిన సినిమా: రాఘవేంద్రరావు పద్ధతిని అర్థం చేసుకోవడం ఎలా?

2025 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మళ్ళీ థియేటర్లకు వచ్చింది. 1990లో విడుదలైన తేదీకే, సరిగ్గా ముప్పై అయిదేళ్ళ తర్వాత, టూడీలోనూ త్రీడీలోనూ వచ్చింది. దాంతో దర్శకుడు కె. రాఘవేంద్రరావు పేరు మళ్ళీ చర్చలో పడింది. పేరుతో పాటే పాత తికమక కూడా వచ్చింది. కొందరికి ఆయన హీరోయిన్ మీద పళ్ళూ పూలూ కురిపించిన దర్శకుడు. మరికొందరికి ‘అన్నమయ్య’ తీసిన భక్తుడు. ఈ రెండు బొమ్మలూ ఒకే మనిషివి ఎలా అయ్యాయన్నది చాలామందికి అంతుపట్టదు.

మామూలుగా దీనికి చెప్పే జవాబు ఒకటుంది: వయసులో ఉన్నప్పుడు అలా తీశారు, పెద్దయ్యాక దేవుడి వైపు మళ్ళారు అని. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, సినిమాలు వరసపెట్టి చూస్తే ఈ జవాబు నిలబడదు. ‘అడవి రాముడు’ ఏ పద్ధతిలో తీశారో ‘అన్నమయ్య’ కూడా ఆ పద్ధతిలోనే తీశారు. ఆ పద్ధతికి ఇరుసు పాట. ఆయన సినిమాలో కథ మధ్య పాటలు వస్తాయని అనుకుంటాం. నిజానికి పాటల మధ్య కథ నడుస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆయన గెలుపులు, ఓటములు, ఆయన మీద వచ్చే విమర్శలు చాలావరకు విడిపోతాయి.

కమర్షియల్ దర్శకుడంటే అసలు ఎవరు?

కమర్షియల్ సినిమా అనగానే ఫైట్లు, పాటలు, కామెడీ గుర్తొస్తాయి. అవి పైకి కనిపించే లక్షణాలు. పరిశ్రమలో ఆ మాటకు అసలు అర్థం డబ్బుకు సంబంధించింది. డెబ్బైలు, ఎనభైల్లో నిర్మాత మొత్తం సొమ్ము సొంతంగా పెట్టేవాడు కాదు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఆంధ్ర అని ఏరియాలుగా సినిమాను అమ్మేవారు. ఆంధ్రలో మళ్ళీ వైజాగ్, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు వేరువేరు లెక్కలు. పంపిణీదారులు ముందే అడ్వాన్సులు ఇస్తే ఆ డబ్బుతో షూటింగ్ నడిచేది. అంటే సినిమా ఇంకా పుట్టకముందే దాన్ని కొనేవాడు ఉండాలి. అతను కొనేది కథను చూసి కాదు, కాంబినేషన్ చూసి. హీరో ఎవరు, డైరెక్టర్ ఎవరు, మ్యూజిక్ ఎవరు. ఆ కాంబినేషన్‌లో తన పేరు ఒక హామీగా పనిచేసే దర్శకుడినే కమర్షియల్ దర్శకుడు అనేవారు.

కొన్నవాడికి డబ్బు ఎలా తిరిగొస్తుంది? ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, విషయం తేలడానికి. ఒక చిన్న టౌన్, ఆరు వందల సీట్ల హాలు, రోజుకు మూడు ఆటలు. అన్ని ఆటలూ నిండితే రోజుకు 1,800 మంది. ఆ టౌన్‌లో సినిమాలు చూసే అలవాటున్నవాళ్ళు పది వేల మంది అనుకుంటే, ఆరో రోజుకల్లా అందరూ చూసేసినట్టే. కానీ సినిమా యాభై రోజులు ఆడాలి. సగం హాలు మాత్రమే నిండినా యాభై రోజులకు 45,000 టికెట్లు తెగాలి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు వచ్చినా సరిపోదు. చూసినవాళ్ళే మళ్ళీ రావాలి. పరిశ్రమలో రిపీట్ ఆడియన్స్ అనేది వీళ్ళనే.

కథ తెలిసిపోయిన మనిషి రెండోసారి, మూడోసారి ఎందుకొస్తాడు? విలన్ ఎవరో తెలుసు, చివరికి ఏమవుతుందో తెలుసు. తెలిసినా మళ్ళీ చూడాలనిపించేవి కొన్నే ఉంటాయి: హీరో ముఖం, నచ్చిన కామెడీ, నోటికొచ్చిన డైలాగు, అన్నిటికన్నా పాట. పాటకు ఇంకో బలం ఉంది. అది హాలు బయట కూడా తిరుగుతుంది. వివిధభారతిలో, పెళ్ళి పందిట్లో మైకులో, తర్వాతి రోజుల్లో క్యాసెట్‌లో. ఒక్కోటి నాలుగున్నర నిమిషాల చొప్పున ఆరు పాటలంటే ఇరవై ఏడు నిమిషాలు. రెండున్నర గంటల సినిమాలో ఆరో వంతు పైనే. చాలామంది దర్శకులు ఆ ఆరో వంతును డాన్స్ మాస్టర్‌కు అప్పజెప్పి ఊరుకునేవారు. రాఘవేంద్రరావు దాన్నే తన సొంత పొలంగా చూసుకున్నారు.

ఇంటి చదువు, తొలి సినిమాలు

ఆయన కృష్ణా జిల్లా కొలవెన్ను వారు. 1942 మే 23న పుట్టారు. తండ్రి కె.ఎస్. ప్రకాశరావు ‘ప్రేమనగర్’ తీసిన దర్శకుడు. పౌరాణికాలకు పెట్టింది పేరైన కమలాకర కామేశ్వరరావు దగ్గర కూడా రాఘవేంద్రరావు సహాయకుడిగా పనిచేశారు. టైటిల్ కార్డుల్లో ‘కె. రాఘవేంద్రరావు బి.ఏ.’ అని డిగ్రీతో సహా పడే పేరు తెలుగు ప్రేక్షకులకు బాగా గుర్తు.

తొలి సినిమా 1975లో శోభన్ బాబుతో ‘బాబు’. మరుసటేడు జయసుధతో ‘జ్యోతి’. 1978లో ‘పదహారేళ్ళ వయసు’, తమిళంలో భారతీరాజా తీసిన సినిమాకు రీమేక్. ‘సిరిమల్లె పువ్వా’ పాట అందులోదే. ఈ వరస చూస్తే, అమ్మాయి జీవితం చుట్టూ తిరిగే కథలు తీయడం ఆయనకు మొదటి నుంచీ వచ్చునని తెలుస్తుంది. తీయలేక వేరే దారి పట్టారనడానికి వీల్లేదు.

1977లో ఏం మారింది?

ఆ ఏడాది సంక్రాంతికి ఎన్టీఆర్ ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది. ఆయనే దర్శకుడు, మూడు పాత్రలూ ఆయనవే. అందులో మాటే ఆయుధం. ప్రేక్షకులు డైలాగుల కోసం వెళ్ళారు. ఏప్రిల్ 28న ‘అడవి రాముడు’ వచ్చింది. అదే ఎన్టీఆర్, యాభై మూడేళ్ళ మనిషి, ముదుమలై అడవుల్లో ఏనుగుల మధ్య, రంగురంగుల బట్టల్లో, సినిమాస్కోప్ తెర నిండా ఆడుతూ పాడుతూ కనిపించారు. కొద్ది నెలల తేడాలో ఒకే నటుడు రెండు వేరే యుగాల్లో నిలబడినట్టుంది.

కథ కొత్తదేం కాదు. అడవిని దోచేవాళ్ళు, వాళ్ళను ఎదిరించే హీరో. కన్నడ ‘గంధద గుడి’ ఛాయలు అందులో ఉన్నాయి. కొత్తదనమంతా తీసిన తీరులో ఉంది. వేటూరి సాహిత్యం, కె.వి. మహదేవన్ సంగీతం. ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ పాటతో ఊళ్ళకు ఊళ్ళు ఊగిపోయాయి. అదే సినిమాలో ‘కృషి ఉంటే మనుషులు ఋషులవుతారు’ అనే పాట కూడా ఉంది. ఒకటి ఈలలకు, ఒకటి బడి గోడ మీద రాసుకోవడానికి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ‘ఆరేసుకోబోయి’ రాసిన వేటూరి, స్వరం కట్టిన మహదేవన్, పాడిన బాలసుబ్రహ్మణ్యం, ఈ ముగ్గురే మూడేళ్ళకు ‘శంకరాభరణం’ పాటలకూ పనిచేశారు. మాస్, క్లాస్ అని మనం గీసే గీత పనివాళ్ళ మధ్య లేదు. అది దర్శకుడు ఆ పనిని ఎటు తిప్పుతాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మాస్ సినిమా పాటను చిన్నచూపు చూసేవాళ్ళు ఈ వరస ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఒక పాటను దగ్గరగా చూస్తే: గోదారి ఒడ్డున బిందెలు

పద్ధతి అన్నాక చూపించాలి. 1982లో రామానాయుడు నిర్మించిన ‘దేవత’లో ‘వెల్లువొచ్చి గోదారమ్మ’ పాట తీసుకుందాం. వేటూరి, చక్రవర్తి, బాలు, సుశీల. తెర మీద శోభన్ బాబు, శ్రీదేవి. గోదావరి ఇసుక మీద వరసలు వరసలుగా బిందెలు. వాటి మధ్య నుంచి జంట ఆడుతూ కదులుతుంది.

ఈ పాటలో సెట్టు లేదు. మేడ లేదు, మెట్లు లేవు. ఇసుక, నీళ్ళు, ఆకాశం, బిందెలు. కానీ తెర ఖాళీగా కనిపించదు. ఒక్క బిందె వంటింటి సామాను. వందల బిందెలు ఒక ఆకారంలో పేరిస్తే అది అలంకారం. ఎండ పడితే మెరుస్తాయి, దీపాల ఖర్చు లేదు. పైగా నీళ్ళ బిందె ప్రతి ఇంట్లో ఉన్న వస్తువు. చూసే ఆడవాళ్ళ చేతికి రోజూ తగిలేదే అంత అందంగా కనిపిస్తుంది. రాఘవేంద్రరావు పాటల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే సూత్రం ఇదే: తెలిసిన వస్తువును తీసుకో, లెక్కలేనంతగా పెంచు, తాళానికి కదిలించు. బిందెలు, కుండలు, పూలు, పళ్ళు అన్నీ ఈ ఒక్క సూత్రం నుంచి వచ్చినవే.

రెండో సంగతి ఇంటర్‌లూడ్. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యాల భాగం. పాడే మాటలు ఉండవు కాబట్టి పెదాలు కలపాల్సిన పని లేదు. చాలామంది దర్శకులు అక్కడ గ్రూప్ డాన్సర్లను వదిలేసేవారు. ఈయన ఆ కొద్ది సెకన్లనే ఒక చిన్న సంఘటనగా మలిచేవారు. ఏదో ఒకటి దొర్లుతుంది, రాలుతుంది, పైకి లేస్తుంది. సరిగ్గా డప్పు దెబ్బ మీద షాట్ మారుతుంది. అలా చేయాలంటే వాయిద్యం ఎక్కడ ఎంతసేపు మోగుతుందో షూటింగ్‌కు ముందే తెలిసుండాలి. మ్యూజిక్ సిట్టింగ్‌లో దర్శకుడు కూర్చుని, ఇక్కడ ఇంత బిట్ కావాలి అని అడిగి చేయించుకోవాలి. చక్రవర్తితో, తర్వాత కీరవాణితో ఆయన అన్నేళ్ళు కలిసి పనిచేయడానికి ఇది ఒక పెద్ద కారణం అనుకుంటాను. ఇలాంటి పని కొత్త మనిషితో రోజుల్లో కుదిరేది కాదు.

2019లో ‘గద్దలకొండ గణేష్’ కోసం ఇదే పాటను మళ్ళీ తీశారు, బిందెలతో సహా. వాటిని తీసేస్తే ఆ పాట ఆ పాట కాదని కొత్త తరం దర్శకుడికీ తెలుసు.

దాసరి మాట, రాఘవేంద్రరావు పాట

ఒక దర్శకుడి శైలి పక్కన ఇంకొకరిని నిలబెడితేనే బాగా తెలుస్తుంది. ఎన్టీఆర్ రాజకీయాల్లోకి వెళ్ళడానికి ముందు ఐదేళ్ళలో ఆయన బొమ్మను పెద్దది చేసినవాళ్ళలో ఇద్దరు ముఖ్యులు: దాసరి నారాయణరావు, రాఘవేంద్రరావు. దాసరి ‘సర్దార్ పాపారాయుడు’, ‘బొబ్బిలిపులి’ తీశారు. రాఘవేంద్రరావు ‘అడవి రాముడు’, ‘వేటగాడు’, ‘కొండవీటి సింహం’, ‘జస్టిస్ చౌదరి’ తీశారు.

‘బొబ్బిలిపులి’ అనగానే కోర్టు సీన్, అక్కడి డైలాగులు గుర్తొస్తాయి. దాసరి సినిమాలో కథ మాటల్లో పేలుతుంది. ‘వేటగాడు’ అనగానే ముందు పాటలు గుర్తొస్తాయి. రాఘవేంద్రరావు ఎన్టీఆర్ చేత మాట్లాడించలేదని కాదు. ‘కొండవీటి సింహం’లో కఠినమైన పోలీసు అధికారి తండ్రిగా ఎన్టీఆర్ నటన, ఆ తండ్రీకొడుకుల ఘర్షణ బలమైనవే. కానీ ఆ బరువైన కథ పక్కనే కుర్ర ఎన్టీఆర్ పాటలు పెట్టి, ప్రేక్షకుడు బరువుతో అలిసిపోకుండా చూసుకున్నారు. ఒకే టికెట్‌కు ఇద్దరు ఎన్టీఆర్‌లు.

బొంబాయికి వెళ్ళిన పద్ధతి

1981లో కృష్ణ, జయప్రదలతో ‘ఊరుకి మొనగాడు’ తీశారు. 1983లో దాన్నే కృష్ణ గారి పద్మాలయా సంస్థకు జితేంద్ర, శ్రీదేవిలతో ‘హిమ్మత్‌వాలా’గా తీశారు. అంతకుముందు హిందీలో హీరోయిన్‌గా చేసిన మొదటి ప్రయత్నం దెబ్బతిన్న శ్రీదేవి, ఈ సినిమాతో అక్కడ పెద్ద తార అయిపోయారు. ‘నైనోం మే సప్నా’ పాటలో కుండల వరసలు చూసిన తెలుగువాడికి ఇది ఎక్కడి చేయో వెంటనే తెలిసిపోతుంది. 1984లో ‘దేవత’ను ‘తోఫా’గా తీస్తే అదీ ఆడింది.

ఈ సినిమాలను అప్పట్లో హిందీ పత్రికలు మెచ్చుకోలేదు. మద్రాసు సరుకు, గోల ఎక్కువ అన్నది అక్కడి మాట. అందులో కొంత నిజముంది. బప్పీ లాహిరి సంగీతంలో వేటూరి మాటలోని తేనె లేదు. భాష మారినప్పుడు పాటలోని సగం పోయి, కుండలే మిగిలాయి. పద్ధతి ప్రయాణం చేసింది, ప్రాణం కొంత ఇక్కడే ఉండిపోయింది. నా లెక్కలో ‘దేవత’కూ ‘తోఫా’కూ ఉన్న తేడా ఇదే.

పాట ఒక్కటే చాలనప్పుడు

పద్ధతి ఉంటే ప్రతి సినిమా ఆడాలి కదా? ఆడలేదు. ఎనభైల చివర్లో చిరంజీవితో తీసిన ‘యుద్ధభూమి’, ‘రుద్రనేత్ర’ అనుకున్నట్టు ఆడలేదు. యుద్ధం, గూఢచారి కథ లాంటి వాటిలో పాట అతికించినట్టు ఉంటుంది. ఆ లోకాల్లో పూలూ బిందెలూ పెట్టడానికి చోటే లేదు.

1990లో అశ్వనీదత్ నిర్మించిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ ఆ చోటు ఇచ్చింది. ఇంద్రుడి కూతురు భూమి మీద ఉంగరం పోగొట్టుకోవడం, అది ఒక టూరిస్ట్ గైడ్ చేతికి చిక్కడం, అతని ఇంట్లో అనాథ పిల్లలు, అమ్రిష్ పురి మాంత్రికుడు. దేవకన్య కథలో పాట ఎక్కడైనా పుట్టొచ్చు, ఎంత అలంకారమైనా ఎక్కువ అనిపించదు. ఇళయరాజా, వేటూరి, జంధ్యాల మాటలు, చిరంజీవి, శ్రీదేవి. కోస్తాను తుపాను కుదిపేసిన రోజునే విడుదలైంది. వరదనీళ్ళు తగ్గని ఊళ్ళలో కూడా జనం హాళ్ళకు వెళ్ళారన్నది ఇప్పటికీ చెప్పుకునే మాట.

1992లో ‘ఘరానా మొగుడు’ కన్నడ ‘అనురాగ అరళితు’కు రీమేక్. ‘బంగారు కోడిపెట్ట’ పాట ‘ఘరానా మొగుడు’లోదే. కథ కన్నడం నుంచి వచ్చినా, పాటలతో అది పూర్తిగా మన సినిమా అయిపోయింది.

అసలు పరీక్ష 1996లో ‘పెళ్ళిసందడి’. అందులో పెద్ద స్టార్ లేడు. శ్రీకాంత్ అప్పటికి ఎదుగుతున్న నటుడు. కథ చెప్పమంటే నాలుగు వాక్యాలు. నిలబెట్టినవి కీరవాణి పాటలు, పెళ్ళింటి హడావుడి. అయినా ఆ సంక్రాంతికి జనం విరగబడ్డారు. ఎన్టీఆర్, చిరంజీవి ఉన్నందుకే ఆయన సినిమాలు ఆడాయనే వాదనకు ఇంతకన్నా పెద్ద సమాధానం అక్కర్లేదు. ‘కలియుగ పాండవులు’తో వెంకటేష్, ‘రాజకుమారుడు’తో మహేష్ బాబు, నూరో సినిమాగా చెప్పే ‘గంగోత్రి’తో అల్లు అర్జున్ ఆయన చేతుల మీదుగానే హీరోలుగా వచ్చారు. కొత్త హీరోకు ఇంకా అభిమానులు ఉండరు. పాట అతనికి ముందుగా వాళ్ళను తెచ్చిపెడుతుంది.

పళ్ళూ పూల మీద అసలు తగువు

ఇప్పుడు గట్టి విమర్శకు వద్దాం. ఆయన పాటల్లో ఆడదాని శరీరం వస్తువుగా మారిపోయిందన్నది ఆ విమర్శ. హీరోయిన్ ముఖం కన్నా నడుమును కెమెరా ఎక్కువ చూస్తుందని, పళ్ళూ పూలూ అందుకు సాకు మాత్రమేనని అంటారు. ‘ఝుమ్మంది నాదం’తో సినిమాల్లోకి వచ్చిన తాప్సీ, 2017లో ఒక కార్యక్రమంలో తన మీద కొబ్బరికాయ విసిరిన పాట గురించి సరదాగా మాట్లాడితే తెలుగునాట పెద్ద దుమారం రేగింది. తర్వాత ఆమె క్షమాపణ చెప్పారు. కానీ ఆమె లేవనెత్తిన ప్రశ్న క్షమాపణతో పోలేదు. ఆ పాటలో నటికి ఏం అనిపించిందో అంతకుముందు ఎవరూ అడగలేదు.

వయసుల సంగతి ఇంకా ఇబ్బందికరం. 1972లో ‘బడిపంతులు’లో శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు. 1979లో ‘వేటగాడు’లో ఆయనకే హీరోయిన్. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు నిండలేదు. ఇది ఒక్క రాఘవేంద్రరావు అలవాటు కాదు, పరిశ్రమ అంతా అలాగే నడిచింది. అలా నడిచిందని చెప్పడం వివరణ అవుతుంది గానీ సమర్థన కాదు.

సమర్థించేవాళ్ళ మాట కూడా వినాలి. వాళ్ళు మూడు సంగతులు చెబుతారు. ఒకటి, మన కావ్యాల్లో, పదాలనే పాత పాటల్లో, గుడి గోడల మీద శృంగారం ఎప్పుడూ ఉంది, దాన్ని పూలతో పళ్ళతో సూచించడం మన పాత అలవాటే. రెండు, ఈ సినిమాలకు కుటుంబాలు కుటుంబాలుగా వెళ్ళాయి, ఆడవాళ్ళు కూడా మెచ్చారు. మూడు, ‘జ్యోతి’, ‘పదహారేళ్ళ వయసు’, ‘దేవత’ లాంటి సినిమాల్లో హీరోయిన్లకు ఆయన బలమైన పాత్రలు ఇచ్చారు.

మూడో మాట నిజం. రెండో మాట సగం నిజం, ఎందుకంటే ఊళ్ళో ఆడుతున్నది ఒకటే సినిమా అయినప్పుడు వెళ్ళడం మెచ్చడం కింద లెక్కకు రాదు. మొదటి మాటకు మాత్రం ఒక తేడా చూడాలి. పదంలో, కావ్యంలో నాయిక తన మనసు చెబుతుంది. అలుగుతుంది, ఎత్తిపొడుస్తుంది, కోరుకుంటుంది. ఆయన పాటలు కొన్నింటిలో ఆమెకు ఆ గొంతు ఉంది, ‘వెల్లువొచ్చి గోదారమ్మ’లో సగం పాట ఆమెదే. తొంభైలకు వచ్చేసరికి గొంతు తగ్గి పండు పెరిగింది. సూచనగా మొదలైనది గుర్తుగా, తర్వాత ముద్రగా మిగిలిపోయింది. ఆయన పాటలను మనసారా ఇష్టపడేవాళ్ళు కూడా ఈ జారుడును కాదనలేరు.

‘అన్నమయ్య’ ఆ పద్ధతికి బయటిది కాదు

1997 మే 22న ‘అన్నమయ్య’ వచ్చింది. నాగార్జున అన్నమయ్య, సుమన్ వేంకటేశ్వరుడు, కీరవాణి సంగీతం, జె.కె. భారవి రచన. కీరవాణికి జాతీయ పురస్కారం తెచ్చిన సినిమా. పాటలూ పద్యాలూ కలిపి ఇరవై దాకా ఉంటాయి. అంటే ఆయన మాస్ సినిమాల కన్నా పాట ఇక్కడ ఇంకా ఎక్కువ.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503 దాకా బతికిన వాగ్గేయకారుడు. ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. తిరుమల ఆలయ భాండారంలో రాగిరేకుల మీద దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. వాటిలో శృంగార సంకీర్తనలదే పెద్ద వాటా. ఈ సంగతి తెలియనివాళ్ళకు సినిమా మొదటి సగంలో మరదళ్ళతో సరసాలు చూస్తే, పాత రాఘవేంద్రరావు దొంగచాటుగా దూరాడు అనిపిస్తుంది. కానీ అక్కడ వినిపించే ‘ఏలే ఏలే మరదలా’ అన్నమయ్య కీర్తనే. ఆయన పదంలో సరసం ఉంది, దర్శకుడికి సరసం తీయడం వచ్చు.

అభ్యంతరాలు లేకపోలేదు. యువరాజులా తిరిగే అన్నమయ్య, వీరావేశంతో పాడే ‘అస్మదీయ మగటిమి’ చరిత్రలో లేనివి. ‘సుభద్రా కల్యాణం’ రాసిన తాళ్ళపాక తిమ్మక్క తెలుగులో తొలి కవయిత్రిగా పేరుపొందిన మనిషి. సినిమాలో ఆమె మరదలుగా, భార్యగానే ఎక్కువ కనిపిస్తుంది. ఆడవాళ్ళ గొంతు గురించి పైన చెప్పుకున్న విమర్శ ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. అంత గొప్ప అవకాశం చేతిలో ఉండి వదులుకోవడం బాధ కలిగించే విషయం.

అయినా చివరి ఘట్టం దగ్గర ఆ పద్ధతి ఎంత లోతుకు పోగలదో చూడొచ్చు. ‘అంతర్యామి అలసితి సొలసితి’. ముసలి అన్నమయ్య, ఎదురుగా స్వామి. ఇక్కడ సామాన్లు కదలవు. వందల వస్తువులతో తెర నింపిన దర్శకుడు ఒక అలిసిపోయిన ముఖాన్ని, దాన్ని చూస్తున్న ఇంకో ముఖాన్ని నమ్ముకున్నాడు. కానీ కూర్పు పాతదే. మాటలు తక్కువ, పాటే ఘట్టాన్ని మోస్తుంది, వాయిద్యం మోగే చోట చూపు మారుతుంది. ఆ చోట డప్పు లేదు, అంతే తేడా. హాళ్ళలో జనం ఏడ్చారు.

ఆ తర్వాతి భక్తి సినిమాలను ఈ కొలతతో చూస్తే ఇంకో సంగతి తేలుతుంది. 2006లో ‘శ్రీరామదాసు’ బాగా ఆడింది. ‘పాండురంగడు’, ‘శిరిడి సాయి’, 2017లో వచ్చిన ‘ఓం నమో వేంకటేశాయ’ ఆ స్థాయికి రాలేదు. భక్తి అన్నిటిలోనూ ఉంది. కీరవాణి అన్నిటిలోనూ ఉన్నారు. హీరోలు పెద్దవాళ్ళే. తేడా కథానాయకుడి పనిలో ఉంది. అన్నమయ్య పాటలు కట్టినవాడు. కంచెర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముడిని పాటతో నిలదీసినవాడు. వీళ్ళ జీవితంలో పాట సంఘటన. ఒక కీర్తన పుట్టడమే ఒక సీను. మిగతా మూడు సినిమాల కథానాయకులు పుండరీకుడికి, సాయిబాబాకు, హాథీరామ్ బావాజీకి అలా కాదు. అక్కడ పాట బయటి నుంచి వచ్చి కథ మీద వాలాలి. పాట చుట్టూ సినిమా కట్టే దర్శకుడికి పాటగాడి కథ దొరికినప్పుడు పని పండింది.

శిష్యులు ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు

రాజమౌళి మొదట ఈటీవీలో రాఘవేంద్రరావు నిర్మించిన ‘శాంతి నివాసం’ సీరియల్‌కు పనిచేశారు. 2001లో ‘స్టూడెంట్ నెం.1’ను రాఘవేంద్రరావు పర్యవేక్షణలో తీశారు. 2009లో ‘మగధీర’లో ‘బంగారు కోడిపెట్ట’ను మళ్ళీ వాడుకుని, చిరంజీవిని కూడా కాసేపు తెర మీదికి తెచ్చారు. కానీ రాజమౌళి సినిమాలకు ఇరుసు పాట కాదు. ఫైట్‌ను, ఇంటర్వెల్ ఘట్టాన్ని ఆయన కడతారు. వాయిద్యం దెబ్బకు షాట్ మార్చడం, ఒక వస్తువును లెక్కకు మించి పెంచి కన్ను చెదిరేలా చేయడం గురువు పాటల్లో ఉన్నవే. అవి యుద్ధానికి మారాయి.

అలా మారడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. పైన వేసుకున్న లెక్క తలకిందులైంది. ఇప్పుడు సినిమా ఒకేసారి వేల తెరల మీద విడుదలవుతుంది. డబ్బులో పెద్ద భాగం మొదటి వారాంతంలోనే రావాలి. నాలుగు వారాల్లో, ఎనిమిది వారాల్లో ఫోన్‌లోకి వచ్చేస్తుంది. యాభయ్యో రోజున సగం హాలు నింపాల్సిన అవసరం ఎవరికీ లేదు. అందుకే ఆరు పాటలు మూడయ్యాయి, వాటిలో ఒకటి ప్రచారానికే. అయిదు భాషల్లోకి వెళ్ళే సినిమాలో వేటూరి తరహా మాట విరుపు అనువాదానికి లొంగదు కాబట్టి, పాట బరువు ఇంకా తగ్గింది.

2021లో రాఘవేంద్రరావు పర్యవేక్షణలో గౌరి రోణంకి ‘పెళ్ళిసందD’ తీశారు. శ్రీకాంత్ కొడుకు రోషన్ హీరో, కీరవాణి సంగీతం. సినిమా కథ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. హీరోయిన్ శ్రీలీల డాన్స్ గురించి మాత్రం అందరూ మాట్లాడారు. ఆ తర్వాత తెలుగులో ఆమెకు అవకాశాలు వరస కట్టాయి.